తదితరులు అంటే ఎవరు?

కంటి శిబిరమైనా, రక్తదానమైనా, వరద ఊళ్లకు పులిహోర పొట్లాలైనా... సేవా క్లబ్బు చేసే పని పత్రికకెక్కేసరికి ఆఖర్న ఒకే మాట మిగులుతుంది: ‘తదితరులు పాల్గొన్నారు’. ఆ మాట వెనకున్న మనుషుల్ని పేరు పెట్టి పిలవడమే క్లబ్బు నాయకుడి అసలు పని. ఏటా జులైలో కాలర్ వేసుకునే కొత్త అధ్యక్షులు గుర్తు పెట్టుకోవాల్సిన మొదటి సంగతీ అదే.

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వార్త ఒకటుంది. ఫలానా క్లబ్ ఆధ్వర్యంలో ఉచిత కంటి వైద్య శిబిరం జరిగింది. ముఖ్య అతిథి జ్యోతి వెలిగించి ప్రారంభించారు. పేదలకు సేవ చేయడంలోనే సంతృప్తి ఉందన్నారు. ఇంతమందికి పరీక్షలు చేసి ఇంతమందిని శుక్లాల ఆపరేషన్‌కు ఎంపిక చేశారు. కార్యక్రమంలో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి తదితరులు పాల్గొన్నారు. ఈ వార్తలో ఊరి పేరు తెనాలి అని ఉన్నా, బాపట్ల అని ఉన్నా, రేపల్లె అని ఉన్నా, తెనాలిని ఆనుకుని గుంటూరు రోడ్డు మీదున్న నందివెలుగు అని ఉన్నా మిగతా వాక్యాలు పెద్దగా మారవు. ఆఖరి మాటైతే అసలే మారదు. తదితరులు అంటే వాళ్లు కాక మిగిలినవాళ్లని అర్థం. ఆ శిబిరంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి పని చేసింది చాలాసార్లు ఆ మిగిలినవాళ్లే.

నందివెలుగు లాంటి ఊళ్లో ఒక కంటి శిబిరం జరగాలంటే ఏమేం కావాలో దగ్గరగా చూస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. బడి గది అడగాలి. షామియానా, కుర్చీలు మాట్లాడాలి. ముందురోజు ఆటోకి మైకు కట్టి వీధివీధీ తిప్పాలి. అక్షరాల చార్టు గోడకు కొట్టి, దానికి ఇరవై అడుగుల దూరం కొలిచి సుద్దముక్కతో గీత గీయాలి. తడుముకుంటూ వచ్చే ముసలమ్మను చెయ్యి పట్టుకుని ఆ గీత దగ్గర నిలబెట్టాలి. ఆమె పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు తప్పు లేకుండా రాసుకోవాలి. ఆపరేషన్ కుడికన్నుకా ఎడమకన్నుకా అనేది పొరపాటు పడకుండా ఆ కంటి పైన, నుదుటి మీద చిన్న ప్లాస్టర్ ముక్క అతికించాలి. ఆస్పత్రికి బస్సెక్కించాలి. నల్లద్దాలతో దిగినప్పుడు ఇల్లు చేర్చి, చుక్కల మందు ఎన్ని పూటలు వేయాలో కోడలికి అర్థమయ్యేలా చెప్పాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా శిబిరం సగంలో ఆగిపోతుంది. జ్యోతి వెలిగించడం ఆలస్యమైతే మాత్రం ఏమీ ఆగదు.

అసలు ఈ కంటి సేవ క్లబ్బుల్లోకి వచ్చింది కూడా ఎవరో పిలిస్తేనే. 1917లో అమెరికాలో పుట్టిన లయన్స్ సంస్థ 1925లో ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో మహాసభ జరుపుకొన్నప్పుడు హెలెన్ కెల్లర్ అక్కడికి వచ్చి, అంధుల పక్షాన నిలబడమని వాళ్లను కోరారు. శతాబ్దం గడిచింది. మన పల్లెటూరి బడి గోడ మీద వేలాడే అక్షరాల చార్టు దాకా వచ్చింది ఆ పిలుపే. చూపూ వినికిడీ లేని ఒక మహిళ ఎదుటివాళ్లను నమ్మి ఒక పని అప్పగించింది. అప్పగించిన నమ్మకం ఎంత దూరం నడుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

వేదిక మీదివారు, కింద ఉన్నవారు

రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో ఏడాది జులై ఒకటిన మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఏటా అధ్యక్షుడు మారతాడు. ఇన్‌స్టలేషన్ రోజున కాలర్ మారుతుంది, గ్యావెల్ చేతికొస్తుంది, ప్రమాణం చేయిస్తారు. ఆ తర్వాత సన్మానాలు. వేదికనలంకరించిన పెద్దల పేర్లు చదవడానికే అరగంట పడుతుంది. ఒక్కొక్కరికీ శాలువా, దండ, మెమెంటో. క్లబ్బుల జిల్లా గవర్నర్ వచ్చిన రోజూ అంతే, వార్షికోత్సవం నాడూ అంతే. శాలువా కప్పించుకునేవారిలో ఎక్కువమంది పదవి ఉన్నవారో, విరాళం ఇచ్చినవారో అయి ఉంటారు. భోజనాల దగ్గర విస్తళ్లు లెక్క చూసుకుంటూ, మైకు సెట్టువాడితో మాట్లాడుతూ ఉన్న సభ్యుడు ఆ దృశ్యాన్ని వెనక వరస నుంచి చూస్తాడు. ఆ సభ్యుడు మరుసటి ఏడాది డ్యూస్ కట్టకపోతే, ‘ఆసక్తి తగ్గింది’ అని రాసుకుంటారు. తగ్గింది అతని ఆసక్తేనా అన్నది ఎవరూ అడగరు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదని అంకెలు చెబుతున్నాయి. ప్రపంచవ్యాప్తంగా రోటరీ సభ్యత్వం పాతికేళ్లుగా 12 లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఏటా కొత్తవాళ్లు చేరుతూనే ఉన్నా మొత్తం పెరగలేదంటే, చేరినంతమందీ వెళ్లిపోతున్నారనే కదా అర్థం. సభ్యుల్ని చేర్పించడం మీద క్లబ్బులు పెట్టే శ్రద్ధలో సగం, ఉన్నవాళ్లు ఉండిపోవడం మీద పెడితే లెక్క మారుతుంది. మనిషి ఒక చోట ఉండిపోవడానికి పెద్ద కారణాలు అవసరం లేదు. తాను లేని రోజు తన లోటు ఎవరో ఒకరు గమనిస్తారన్న భరోసా చాలు.

నేను ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. సేవా క్లబ్బులో గుర్తింపు అనేది ఏడాది చివర జరిపే వేడుక కాదు, నాయకత్వంలో సింహభాగం అదే. జీతం ఇవ్వలేని చోట, ఆజ్ఞాపించలేని చోట, ఉద్యోగం నుంచి తీసేస్తానని బెదిరించలేని చోట, నాయకుడి చేతిలో మిగిలే సాధనం అదొక్కటే. దాన్ని పదవులకూ విరాళాలకూ ఖర్చు చేసేస్తే, పనికి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఏడు స్తూపాలు, మూడు గీతలు

గుర్తించడం అంటే ఏమిటో తెనాలికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో తెనాలి రైల్వే స్టేషన్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ల జ్ఞాపకంగా రణరంగ చౌక్‌లో స్తూపాలు నిలిచాయి. అక్కడ ఆగి చూడాల్సిన సంగతి వాటి సంఖ్య. అమరవీరులందరికీ కలిపి ఒక పెద్ద స్తూపం కట్టి ఊరుకోవచ్చు. ఖర్చూ తగ్గేది, స్థలమూ కలిసొచ్చేది. తెనాలి ఏడు కట్టింది. ప్రాణమిచ్చింది ఏడుగురు విడివిడి మనుషులు కాబట్టి గుర్తు కూడా ఒక్కొక్కరికీ విడిగా ఉండాలని ఆ ఊరు అనుకుంది. చనిపోయినవారి విషయంలో మనకు తెలిసిన ఈ మర్యాద, బతికుండి పని చేస్తున్నవారి దగ్గరికొచ్చేసరికి ‘తదితరులు’గా మారిపోవడమే బాధ.

భాషలోనూ మనకు ఇదే పాఠం ఉంది. చిన్న సాయం చేసినవాళ్లు ‘ఏదో ఉడతాభక్తిగా’ అంటారు. ఆ మాటకు మూలమైన కథ వాల్మీకి రామాయణంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. వానరులు కొండలు మోసుకొచ్చి వారధి కడుతుంటే, ఉడత ఒళ్లు తడుపుకుని ఇసుకలో పొర్లి, ఆ నాలుగు రేణువుల్నీ తెచ్చి దులిపింది. కథలో మనం పట్టుకున్నది ఉడత వినయాన్ని. సగం కథ అక్కడితో వదిలేశాం. అంత యుద్ధ సన్నాహం మధ్య, అన్ని కొండల చప్పుడు మధ్య, రాముడు ఆ ఉడతను చూశాడు. చేతుల్లోకి తీసుకుని వీపు నిమిరాడు. ఆ వేళ్ల గుర్తులుగా పడ్డ మూడు గీతలు ఇప్పటికీ చెట్ల మీద పరుగెడుతూనే ఉన్నాయని జనం నమ్ముతారు. భక్తి ఉడతది, చూపు రాముడిది. క్లబ్బు సభ్యులకు ఉడతాభక్తి గురించి ఉపన్యాసాలివ్వడం తేలిక. వీపు నిమిరే చెయ్యి ఎక్కడుందన్నదే ప్రశ్న.

నాయకుడు లేని రోజున

ఈ ప్రాంతపు చరిత్రలోనే స్వచ్ఛంద సేవకు రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. మొదటిది రామదండు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తీర్చిదిద్దిన ఈ సేవాదళం, 1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు పోటెత్తిన జనాన్ని క్రమశిక్షణతో నడిపించి పేరు తెచ్చుకుంది. చీరాల, పేరాలలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచినందుకు నిరసనగా, అదే ఏడాది గోపాలకృష్ణయ్య మాట మీద వేలాదిమంది ఇళ్లు వదిలి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు అక్కడ గడిపారు. ఆయన బరంపురంలో అరెస్టై ఏడాది జైలుకు వెళ్లాక ఉద్యమం నిలదొక్కుకోలేకపోయింది. జనం తిరిగి ఊళ్లోకి వచ్చేశారు. డబ్బు లేకపోవడం, సర్కారు ఒత్తిడి, ఎండావానా కూడా కారణాలే. ఆయన త్యాగాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. 1928లో, నలభై ఏళ్లయినా నిండకుండా కన్నుమూసిన ఆ మనిషి ‘ఆంధ్రరత్న’గా మనకు గుర్తున్నాడు. ఆ దండులో నడిచినవారి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? మొత్తం బరువు ఒక్క నిట్టాడి మీదే ఉంటే, అది ఎంత గట్టిదైనా, తీసిన రోజున పందిరి కుంగుతుంది.

రెండోది ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో హిందూ యువజన సంఘంగా కొందరు కుర్రాళ్ల పూనికతో మొదలైంది. గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. దానికన్నా విలువైన సంగతి, పాత పత్రికల సంచికలు దశాబ్దాల తరబడి అక్కడ పోగై, పరిశోధకులకు దిక్కయ్యాయి. ఏ రోజు పత్రిక ఆ రోజు సరిచూసి, కట్ట కట్టి, చెదలు పట్టకుండా ఎండకేసిన పని ఒక మహానాయకుడిది కాదు. ఒకరి తర్వాత ఒకరు అందుకున్న చేతులది. స్థాపించినవారి తరం వెళ్లిపోయినా సంస్థ నూరేళ్లు దాటి నిలిచింది. క్లబ్బు అధ్యక్షుడు తన ఏడాదిని ఈ రెంటిలో దేనిలా మిగల్చాలనుకుంటున్నాడో ముందే తేల్చుకోవాలి.

ఏ మెప్పు పనిచేస్తుంది?

గుర్తింపు మనిషిని ఎలా కదిలిస్తుందో పరిశోధకులు కొలిచి చూశారు. ఇజ్రాయెల్‌లో ఇంటింటికీ తిరిగి విరాళాలు వసూలు చేసే హైస్కూలు విద్యార్థుల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఉత్త మంచిమాట, ఇంకో జట్టుకు వసూళ్లలో ఒక శాతం, మూడో జట్టుకు పది శాతం. 2000లో ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టిచినీ ప్రచురించిన ఫలితం ప్రకారం అందరికన్నా ఎక్కువ వసూలు చేసింది పైసా తీసుకోని జట్టు. అందరికన్నా తక్కువ తెచ్చింది ఒక శాతం జట్టు. మరో పరిశోధన ఇటలీలో రక్తదాతల మీద జరిగింది. ఇన్నిసార్లు రక్తమిస్తే పతకం అనే పద్ధతి ఉన్న ఒక పట్టణంలో, పతకం దగ్గరపడేకొద్దీ దాతలు త్వరత్వరగా వచ్చి రక్తమిచ్చారని నికోలా లాచెతెరా, మారియో మాచిస్ 2010లో తేల్చారు. అయితే దాతల పేర్లు స్థానిక పత్రికలో వేసి, పతకాన్ని నలుగురిలో అందించినప్పుడే ఆ ఫలితం కనిపించింది. జర్మన్ వికీపీడియాలో కొత్తగా రాస్తున్నవారికి కేవలం ఒక ప్రశంసా చిహ్నం ఇస్తే, మరుసటి నెలలోనూ రాస్తూ నిలిచినవారు 20 శాతం పెరిగారని యానా గాలుస్ 2017లో చూపించారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక దారి కనిపిస్తుంది. చిల్లర డబ్బు సేవను కూలి పనిగా మార్చేస్తుంది. నలుగురిలో, పేరుతో, చేసిన పనికి ముడిపెట్టి చెప్పిన మెప్పు దాన్ని సేవగానే నిలబెడుతుంది. మన రాష్ట్రంలోనూ దీనికి దగ్గరి అనుభవం ఉంది. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థలో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. అయినా 2021 ఉగాది నుంచి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర పురస్కారాలు ప్రవేశపెట్టారు. ఆ వ్యవస్థ మంచిచెడ్డల చర్చ ఇక్కడ అనవసరం. నెల నెలా డబ్బు చేతికొచ్చే చోట కూడా ఒక పిలుపు, ఒక బిరుదు కావాలనిపించింది. ఆ డబ్బూ లేని క్లబ్బుల్లో ఇంకెంత కావాలి!

పేరు కోరని సేవకు పేరెందుకు?

ఇలా పేరు చెప్పి మెచ్చుకోవడానికి మొదటి అభ్యంతరం మన సంస్కారం నుంచే వస్తుంది. కుడిచెయ్యి చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదంటాం. చేసింది చెప్పుకుంటే పుణ్యం పోతుందంటాం. నిజమే. కానీ ఆ నియమం చేసినవాడికి. చూసినవాడికి కాదు. తన పేరు వద్దనడం సభ్యుడి గొప్పతనం. అతని పేరు చెప్పకపోవడం అధ్యక్షుడి గొప్పతనం ఎలా అవుతుంది? ఒకరి వినయాన్ని అడ్డుపెట్టుకుని ఇంకొకరు కృతజ్ఞత ఎగ్గొట్టకూడదు. పైగా ఆ వినయ సూత్రాన్ని వేదిక మీద పెద్దలకు వర్తింపజేసిన సందర్భాలు అరుదు. శాలువాలు కొందరికి ఉన్న చోట నిష్కామకర్మ మిగతావారికే ఎందుకుండాలి?

రెండో అభ్యంతరం ఆచరణది. దాతలు లేకపోతే శిబిరానికి మందులెక్కడివి, బస్సెక్కడిది? డబ్బిచ్చినవాళ్లను గౌరవించకపోతే రేపు ఎవరిస్తారు? ఈ మాటలో న్యాయముంది. రోటరీలో 1957 నుంచీ ఉన్న పాల్ హారిస్ ఫెలో గుర్తింపైనా, లయన్స్‌లో 1973 నుంచీ ఉన్న మెల్విన్ జోన్స్ ఫెలో అయినా వెయ్యి డాలర్ల విరాళంతో ముడిపడినవే. ఆ డబ్బు వృథా పోలేదు. 1985లో రోటరీ తలకెత్తుకున్న పోలియో నిర్మూలనకు అలాంటి విరాళాలే ఊతం. మన దేశంలో సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరి 13న నమోదైంది. కాకపోతే ఆ విజయంలో రెండో సగం, చలిపెట్టెను భుజాన వేసుకుని బస్టాండ్లలో, ఇటుక బట్టీల దగ్గర, పుంతదారుల వెంట తిరిగినవారిది. దాతను తగ్గించమని ఎవరూ అనడం లేదు. కొలబద్దలు వేరు చేయమంటున్నాం. పదివేల చెక్కునూ పది ఆదివారాలనూ ఒకే తక్కెడలో వేస్తే ఎప్పుడూ చెక్కే బరువు తూగుతుంది. ఆ ఫెలో గుర్తింపును వేరొకరి పేరు మీద కూడా ఇప్పించవచ్చని చాలామందికి గుర్తుండదు. ఏటా ఒక్క దాతయినా తన విరాళంతో, వెనక వరసలో నిలబడ్డ సభ్యుడి ఛాతీ మీద ఆ పిన్ను పెట్టిస్తే రెండు చేతులూ కలిసినట్టే.

మూడోది అసూయ భయం. ఒకరిని మెచ్చుకుంటే పదిమందికి కోపమొస్తుంది, కులమనీ పార్టీ అనీ గుసగుసలు మొదలవుతాయి, అందుకే అందరికీ కలిపి ధన్యవాదాలు చెప్పేస్తే గొడవుండదు అంటారు. అనుభవం ఉన్నవాళ్ల మాటే ఇది. కొట్టిపారేయలేం. అయితే అసూయ పుట్టేది గాలిలోంచి ఊడిపడ్డ పొగడ్తకు. ‘ఉత్తమ సభ్యుడు’ అంటే ఎందుకు ఉత్తముడో ఎవరికీ తెలియదు. ‘ఈ ఏడాది ఆరు శిబిరాల్లో నూట పద్నాలుగు మంది రోగుల్ని ఇంటిదాకా దిగబెట్టినవారు’ అంటే గుసగుసకు చోటు లేదు. లెక్క ఎదురుగా ఉంటుంది, అంత పని చేసిన మరొకరికీ అదే గౌరవం తెరిచే ఉంటుంది. అందరికీ కలిపి చెప్పే ధన్యవాదం గొడవను ఆపదు. పని చేసినవాడి కోపాన్ని లోపలికి నెడుతుందంతే.

‘దంపతులు’ దాచేసిన పేర్లు

ఈ లెక్కల్లో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆడవాళ్లు. లయన్స్ 1987లో, రోటరీ 1989లో మాత్రమే మహిళలకు పూర్తి సభ్యత్వపు తలుపు తీశాయి. అంతకుముందు దశాబ్దాల పాటు వాళ్లు ‘ఆన్స్’గా, ‘లయన్ లేడీస్’గా భర్తల వెనక నిలబడి పని చేశారు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీరాన్నీ ఊడ్చేసినప్పుడైనా, 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగి కొల్లూరు, రేపల్లె లంకల్ని ముంచినప్పుడైనా, ఎత్తు మీదున్న ఊళ్లలో ముందు వెలిగేవి పొయ్యిలు. పులిహోర కలిపిన చేతులు, పొట్లం కట్టిన చేతులు ట్రాక్టరెక్కవు, ఫొటోలో పడవు. పేపర్లో ‘ఫలానా దంపతులు’ అని వస్తుంది. ఆ బహువచనంలో ఒక పేరు పూర్తిగా మునిగిపోతుంది. క్లబ్బు పంపే ప్రెస్‌నోట్‌లో దంపతుల బదులు ఇద్దరి పేర్లూ విడివిడిగా రాయడానికి పైసా ఖర్చు లేదు.

ఖర్చు లేని పనులు ఇంకా ఉన్నాయి. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటలు రాసి ఉంచుతారు, వాటిని చూసే సర్టిఫికెట్ ఇస్తారు. డిగ్రీ కుర్రాడికి ఉన్న ఈ మర్యాద యాభై ఏళ్ల క్లబ్బు సభ్యుడికి ఎందుకుండకూడదు? హాజరు పట్టీ ఉంచే ప్రతి క్లబ్బూ దాని పక్కన పని పుస్తకం ఒకటి ఉంచవచ్చు. ఎవరు, ఏ తేదీన, ఏం చేశారు, ఎన్ని గంటలు... నాలుగు గళ్లు చాలు. ప్రతి సమావేశంలో ముఖ్య అతిథి ప్రసంగానికి ముందు అధ్యక్షుడు లేచి, పోయిన పక్షం పని చేసినవారి పేర్లు పనితో సహా చదవాలి. సంవత్సరాంతం దాకా ఆగితే మెప్పు చల్లారిపోతుంది. ఫొటో తీసేటప్పుడు బ్యానరు వెనక నిలబడ్డ వరసను కాక, పని జరుగుతున్న చోటును తీయాలి. పిల్లల పరీక్షల రోజుల్లోనో, ఇంట్లో మనిషికి బాగాలేని రోజుల్లోనో సభ్యుడు వచ్చి పని చేస్తే, అధ్యక్షుడు స్వయంగా ఆ ఇంటికి వెళ్లి ఆ ఇంటివాళ్లకు కృతజ్ఞత చెప్పాలి. క్లబ్బుకు ఇచ్చిన ఆదివారం ఆ ఇంటి నుంచి తీసుకున్నదే కదా.

ఏడాది పదవిలో ఇంత తీరికెక్కడిది అనే అధ్యక్షులు పల్స్ పోలియో రోజును తలుచుకోవాలి. కోట్లమంది పిల్లలున్న దేశంలో చుక్క వేసిన ప్రతి బిడ్డ ఎడమ చిటికెన వేలి మీదా ఊదారంగు గుర్తు పెట్టారు. ఏ బిడ్డనూ గుంపులో లెక్కేయలేదు. కాబట్టే ఏ బిడ్డా తప్పిపోకుండా చూడగలిగారు. ఒక క్లబ్బులో ఉండేది ముప్పైమందో, నలభైమందో. వాళ్లను ఒక్కొక్కరిగా చూడడానికి ఏడాది చాలదంటే, అది కాలం కొరత కాదు.

పత్రికలో జాగా తక్కువ. ‘తదితరులు’ అనే మాట అక్కడ పూర్తిగా పోదు, పోనక్కర్లేదు కూడా. క్లబ్బు పని పుస్తకంలో మాత్రం ఆ మాటకు గడి ఉండకూడదు. తెనాలి తన ఏడుగురి కోసం ఏడు స్తూపాలు కట్టుకుంది. ఏడో పేరు దగ్గర అలసిపోయి ‘తదితరులు’ అనలేదు.